సీసా ఇచ్చారు సరే, పిల్లాడి నోట్లో పడిందా?

ఆమధ్య విశాఖ కంచరపాలెంలో తెలిసినవాళ్లింటికి వెళ్తే, టీవీ పక్కన ఐరన్ సిరప్ సీసా కనబడింది. పిల్లలకు రక్తహీనత రాకుండా ప్రభుత్వం పంచేది. ఇచ్చి మూడు నెలలైందట. మందు మాత్రం మెడ దాకా అలాగే ఉంది. ఏడాదిన్నర బాబు కింద కూర్చుని టీలో ముంచిన రస్కు తింటున్నాడు. మందు ఎందుకు వెయ్యట్లేదంటే వాళ్లమ్మ కాస్త మొహమాటపడింది. "రెండుసార్లు ఏసానండి. దొడ్డికి నల్లగా ఎల్లాడు. ఏటవుద్దోనని బయమేసి మానేసాను."

ఐరన్ వేసుకుంటే మలం నల్లగా రావడం మామూలే. ఒంటికి పట్టని ఐరన్ అలా బయటికి పోతుంది, ప్రమాదం లేదు. ఈ ఒక్క ముక్క సీసా ఇచ్చిన రోజే చెప్పి ఉంటే సరిపోయేది. ఎవరూ చెప్పలేదు.

2018లో మొదలైన రక్తహీనత నివారణ పథకం 'అనీమియా ముక్త్ భారత్' ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు సిరప్ వెయ్యాలి. అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. సీసా 50 మిల్లీలీటర్లు, అంటే 25 వారాలకు సరిపడా. మూడు నెలలకు ఇంచుమించు సగం ఖాళీ కావాలి. పంచిన సీసాల లెక్క చూసుకుని తృప్తిపడే బదులు, ఇంటికి వెళ్లిన ఆశా కార్యకర్త సీసాలో ఎంత మిగిలిందో చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు. ఉన్న యాప్‌లతోనే వాళ్లకు తలనొప్పి.

అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 58.6 శాతం. 2019-21 సర్వేకు 67.1 శాతమైంది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 60 దాటింది. వేలి మీద గుచ్చి తీసిన చుక్కతో చేసే ఈ పరీక్షలో తేడాలొస్తాయని నిపుణులు అంటారు. 2016-18లో నరం నుంచి రక్తం తీసి చేసిన మరో జాతీయ సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో అది 41 శాతమే. సరే, 41 మాత్రం తక్కువా?

తల్లి కడుపులో కూడబెట్టుకున్న ఐరన్ బిడ్డకు ఆరో నెల దాకా వస్తుంది. తల్లిపాలలో ఉండేది కొద్దిగానే. సరిగ్గా అప్పుడే మనం అన్నప్రాశన చేసి పప్పన్నం, చారన్నం మొదలుపెడతాం. వాటిలోని ఐరన్‌లో ఒంటికి పట్టేది కొంచెమే. పైన టీ పడితే ఆ కొంచెమూ పట్టదు. చేప, గుడ్డు, నాలుగు చుక్కల నిమ్మరసం కలిస్తే కొంత మేలు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో ఏడాది పిల్లాడికి ముల్లు తీసిన చేపముక్క పెట్టడానికి జంకి, టీ మాత్రం ధైర్యంగా పట్టేస్తాం.

అలాగని అందరికీ ఒకే మంత్రం కుదరదు. 2022 దాకా విశాఖ జిల్లాలోనే ఉన్న పాడేరు, అరకు వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉంది, మలేరియా ఉంది. పిల్లాడు పాలిపోయి ఉన్నాడంటే అక్కడ కారణం ఐరన్ లోపమే కానక్కర్లేదు. తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది, వాళ్లకు డాక్టర్ చెప్పకుండా ఈ మందు వెయ్యకూడదు. జ్వరమో విరేచనాలో ఉన్నప్పుడు ఎవరికైనా ఆపి, తగ్గాక మొదలుపెట్టాలి. ఇంకోటి, తియ్యగా ఉందని పిల్లాడు సీసా మొత్తం తాగేస్తే ప్రాణం మీదికొస్తుంది. టీవీ పక్కన కాదు, అటక మీద పెట్టాలి.

కంచరపాలెంలో ఆవిడకు ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు పట్టలేదు. బుధవారం, శనివారం వేస్తానంది. సీసా తీసి పైన పెట్టొచ్చి, రస్కు తింటున్న కొడుకుని చూస్తూ అడిగింది: "అయితే ఈ టీ మానిపించేసి ఏటి పెట్టమంటారండి పొద్దున్న?"