సత్తుపిండి ఉంది, కలిపే చేతులే తక్కువ

సద్దుల బతుకమ్మ రాత్రి హనుమకొండ పద్మాక్షి గుట్ట కింద కాసేపు నిలబడి పిల్లల చేతులు చూడండి. బతుకమ్మలను నీళ్లలో వదిలాక ఆడవాళ్లు డబ్బాల మూతలు తీసి సత్తుపిండి, మలీద, పెరుగు సద్ది పంచుతారు. ఎవరి డబ్బాలోది ఎవరు తింటున్నారో లెక్క ఉండదు. మా చెల్లెలి కొడుకుకు ఐదేళ్లు. పొద్దున పూట నూడుల్స్, చాక్లెట్ పొడి కలిపిన పాలు తప్ప మరొకటి నోట పెట్టడు. ఆ రాత్రి మాత్రం ముక్కూ మొహం తెలియని ఒక పెద్దావిడ పెట్టిన నువ్వుల సత్తుపిండి మూడు పిడికిళ్లు తిన్నాడు. అంగిలికి అంటుకున్నదాన్ని నాలుకతో తీసుకుంటూ నాలుగోసారి చెయ్యి చాచాడు. రెండు రోజుల తర్వాత అదే పిండిని ఇంట్లో పళ్లెంలో వేసి, ఒక్కణ్ణే కూర్చోబెట్టి, స్కూలు బస్సు వచ్చేస్తోందని తొందరపెడితే మొహం తిప్పేశాడు.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండు పూటల మధ్యే ఉంది. పిల్లలకు త్వరగా పెట్టగలిగే మంచి తిండి మనకు లేక కాదు, దాన్ని కొత్తగా ఎవరో కనిపెట్టి సంచిలో పెట్టి అమ్మనక్కరా లేదు. ‘అమ్మకు తీరిక లేదు, బిడ్డకు రుచించదు’ అనే రెండు మాటల మీద పెద్ద వ్యాపారమే నడుస్తోంది. మిగతా సంగతులు పాఠకులకు తెలిసినవే. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువైన తినుబండారాలు అమ్మకూడదని 2020లో నిబంధనలు వచ్చాయి. ఆ 50 మీటర్లలో ఏం వేలాడుతోందో ఏ బడి ముందు నిలబడినా కనిపిస్తుంది. చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే నిర్వచనమే లేదని, పిల్లల పాలపొడి పానీయాలను ఆ వర్గం నుంచి తీసేయాలని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది. ఇంతకాలం తల్లులు కొన్నది ఆరోగ్యం కాదు, ఆ పేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 6 నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతకుముందు సర్వేలో అది 60.7 శాతం. దుకాణాల్లో అరలు నిండుతున్న కాలంలోనే పిల్లల రక్తం పలచబడింది.

ఇక పేచీ సంగతి. రెండు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు కొత్త తిండిని అనుమానంగా చూడటం సహజం, అది పెంపకంలో లోపం కాదు. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు పరిచయం కావాలని పిల్లల ఆహారపు అలవాట్లను చూసిన పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. మనం రెండోసారికే ‘వీడికి పడదు’ అని తేల్చేస్తాం. ప్యాకెట్‌కు ఈ బెడద లేదు. ప్రతిసారీ ఒకే రుచి, ఒకే రంగు, ఒకే కరకర. పిల్లవాడికి అపరిచితం అనేదే లేకుండా చేయడమే దాని నేర్పు. ఆ సౌకర్యానికి అలవాటు పడ్డ నోరు బీరకాయను ఎప్పటికి ఒప్పుకుంటుంది?

ఇప్పుడు మన వంటింట్లోకి రండి. సత్తుపిండి అంటే ఏమిటి? మక్కలు, పల్లీలు, నువ్వులు, పెసలు వేయించి, గిర్నీలో పట్టించి, బెల్లం కలిపిన పిండి. పొయ్యి అక్కర్లేదు. పాలో నెయ్యో వేసి రెండు నిమిషాల్లో ముద్ద చేయవచ్చు. పల్లీల బరువులో నాలుగో వంతు మాంసకృత్తులే. పొట్టు తీయని నువ్వుల్లో 100 గ్రాములకు 900 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అందులో ఒంటికి పట్టేది కొంతే అయినా అది తక్కువేమీ కాదు. గట్టి పల్లీలు చిన్నపిల్లల గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉందని వైద్యులు హెచ్చరిస్తారు. పిండి చేసి తడిపి ముద్దగా పెట్టే పద్ధతిలో ఆ భయం తగ్గుతుంది. అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం కూడా ఈ కుటుంబంలోదే. గోధుమలు, శనగపప్పు వేయించి పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి అది.

గుడాలదీ అదే దారి. రాత్రి పడుకునే ముందు బొబ్బర్లో పెసలో శనగలో నీళ్లలో వేస్తే చాలు. పొద్దున కుక్కర్‌లో ఉడికించి, పోపు వేసి, డబ్బాలో సర్దవచ్చు. సర్వపిండికి మాత్రం ఓపిక కావాలి. పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కరివేపాకు కలిపిన బియ్యప్పిండిని గిన్నె లోపల వేళ్లతో పలచగా అద్ది, మధ్య మధ్య బొక్కలు పెట్టి నూనె వదిలి, మూత వేసి సన్నని సెగ మీద ఉంచాలి. ఒకటి దిగాక గిన్నెను నీళ్లతో చల్లార్చితే తప్ప రెండోది అద్దలేం. ఆదివారం సాయంత్రపు వంట అది. కానీ మర్నాడు బడి డబ్బాలో చల్లగా ఉన్నా రుచి తగ్గదు, చెంచా లేకుండా విరుచుకుని తినవచ్చు. కారం తగ్గించి చేస్తే అంచున కరకరలాడే ముక్క కోసం పిల్లలు పోట్లాడుకుంటారు.

ఇవన్నీ పాతకాలపు ముచ్చట్లని, ఉద్యోగం చేసే తల్లికి ప్యాకెట్ ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుందని కొందరంటారు. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే నర్సును, బట్టల దుకాణంలో రోజంతా నిలబడే అమ్మాయిని ‘పిండి వేయించుకోలేవా’ అని అడిగే హక్కు నాకు లేదు. బెల్లం కూడా చక్కెరలాంటిదే, చెయ్యి బిగపట్టే వేయాలన్నదీ నిజమే. కానీ ఆ వాదన అసలు ప్రశ్నను దాటేస్తోంది. తీరిక లేనిది కుటుంబానికా, తల్లికా?

2024 జాతీయ సమయ వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటి పని చేసేవారిలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. మూడు గంటలకు పైగా తేడా. సత్తుపిండి పట్టించడానికి, పెసలు నానబెట్టడానికి, పదోసారి కూడా విసుగు లేకుండా బీరకాయ వడ్డించడానికి కావలసిన సమయం ఆ తేడాలోనే ఉంది. పిల్లల తిండి ప్రకటనల్లో గిన్నె పట్టుకున్నది ఎప్పుడూ తల్లే. బడి వాట్సాప్‌లో డబ్బా గురించి సందేశం వచ్చేది తల్లికే. బిడ్డ బరువు తగ్గితే అత్తగారు నిలదీసేదీ ఆమెనే. ఈ అపరాధ భావాన్ని తల్లి భుజాల మీద పెట్టిన సమాజమే, దాన్ని దించే మందుగా ఆమెకు ప్యాకెట్ అమ్ముతోంది. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది. వరంగల్‌లో పొద్దున్నే నడకకు వెళ్లి, దారిలో టిఫిన్ చేసి ఇంటికి వచ్చే తండ్రులు వేలల్లో ఉన్నారు. వాళ్లలో కుక్కర్ మూత పెట్టడం చేతకానివారు ఉండరు. ‘అది నా పని కాదు’ అని వాళ్లకు చిన్నప్పుడే నేర్పాం, అంతే. తండ్రి పళ్లెం ముందు కూర్చుని అదే గుడాలు తింటుంటే పిల్లవాడు ఓసారైనా నోట పెట్టి చూస్తాడు. గుట్ట కింద ఆ రాత్రి జరిగింది అదే కదా! చుట్టూ ఉన్న అందరూ తిన్నారు, వాడూ తిన్నాడు.

మా చెల్లెలి ఇంట్లో దసరా తర్వాత ఒక మార్పు వచ్చింది. ఆదివారం గిర్నీకి బావగారే వెళ్తున్నారు, కొడుకును వెంటబెట్టుకుని. పట్టిన పిండి ఇంకా వేడిగా ఉందో లేదో చూసే పని వాడిది. డబ్బాలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి చూసి, వేలికి అంటింది నాకుతూ వస్తాడట. పొద్దున ముద్దలు చేసేదీ తండ్రే. వారంలో నాలుగు రోజులు నూడుల్స్ మాట ఎత్తడం లేదు. బొబ్బర్లు మాత్రం ఇప్పటికీ ముట్టడు. ఆరుసార్లు పెట్టారు, రేపు ఏడోసారి పెడతారు.