సి విటమిన్ బిళ్ళ ఎవరికి కావాలి, ఎవరు చప్పరిస్తున్నారు?

గత వారం జలుబుకు మందు కొందామని మందుల షాపుకు వెళితే, నేను అడగకుండానే అక్కడి కుర్రవాడు నారింజరంగు సి విటమిన్ బిళ్ళల స్ట్రిప్ ఒకటి కవరులో పడేసి, "ఇమ్యూనిటీకండి, రోజుకు రెండు చప్పరించండి" అన్నాడు. ఒక్కో బిళ్ళ 500 మిల్లీగ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు సరిపోతాయి. అంటే పన్నెండు రోజుల గ్రాసాన్ని ఒక్కరోజులో కానిచ్చేయమని అతని సలహా.

సి విటమిన్‌కూ రోగనిరోధక శక్తికీ సంబంధం లేదని నేననడం లేదు. ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడగానే ముందుగా పరుగెత్తుకొచ్చే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం, తన చుట్టూ ఉన్న ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో కంటే యాభై నుంచి వంద రెట్లు ఎక్కువగా ఈ విటమిన్‌ను కూడబెట్టుకుంటుంది. సూక్ష్మజీవిని మింగాక దాన్ని చంపడానికి ఆ కణం ఘాటైన ఆక్సీకరణ రసాయనాలను పుట్టిస్తుంది. ఆ మంటలో తానే మాడిపోకుండా కాచుకోవడానికి ఈ నిల్వ పనికొస్తుంది. పని ముగిసిన కణం చుట్టుపక్కల కండను పాడుచేయకుండా పద్ధతిగా చనిపోవడానికి కూడా ఇది తోడ్పడుతుందని జంతువులపై చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. మేక దీన్ని తన కాలేయంలోనే తయారుచేసుకుంటుంది. మనకు ఆ పని చేసే జన్యువు ఏనాడో చెడిపోయింది కనుక తిండిలోంచి తెచ్చుకోక తప్పదు.

ఇదంతా చదివాక డబ్బాలకొద్దీ తినాలనిపిస్తుంది. అక్కడే పప్పులో కాలేస్తాం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఏడుగురు ఆరోగ్యవంతులైన యువకులను నెలల తరబడి ఉంచి, మోతాదు పెంచుకుంటూ పోయి కొలిచారు. 1996లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం రోజుకు 100 మిల్లీగ్రాములు అందేసరికే తెల్ల రక్తకణాలు నిండిపోయాయి. 500 దాటాక పేగులు పీల్చుకునే వాటా తగ్గింది, పీల్చుకున్నదాంట్లోనూ చాలా భాగం మూత్రంలో పోయింది. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పాలింగ్ 1970లో గ్రాముల లెక్కన తినమని చెప్పినప్పటి నుంచి ప్రపంచం ఆ మాటను వదలలేదు గానీ, ఒక విషయంపై జరిగిన వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్ష 2013లో తేల్చింది వేరు: రోజూ వేసుకున్నా మామూలు జనంలో జలుబు రావడం తగ్గలేదు, వచ్చిన జలుబు పెద్దవాళ్ళలో 8 శాతం తొందరగా తగ్గింది. వారం రోజుల జలుబుకైతే అది పదమూడు గంటలు! అదీ ముందునుంచి క్రమం తప్పకుండా వాడేవారికి. ముక్కు కారడం మొదలయ్యాక వేసుకున్నవారికి నికరమైన మేలేమీ కనబడలేదు.

నా కోపం డబ్బు వృథా గురించి మాత్రమే కాదు. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారి రక్తం పరీక్షించి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఉత్తరాదిన సుమారు 74 శాతం మందికి, దక్షిణాదిన 46 శాతం మందికి సి విటమిన్ లోపం ఉన్నట్టు తేలింది. పేదల్లో, పొగాకు వాడేవారిలో, కట్టెల పొయ్యి మీద వండుకునేవారిలో అది మరీ ఎక్కువ. కణాలు నిండుగా ఉన్నవాళ్ళం మనం బిళ్ళలు చప్పరిస్తున్నాం, ఖాళీగా ఉన్నవాళ్ళ ఊసే ఎవరికీ పట్టదు.

వాళ్ళకు కావలసింది బిళ్ళే కానక్కరలేదు. వంద గ్రాముల జాంపండులో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. పులిహోరలో నిమ్మరసం పొయ్యి దించాకే పిండాలని మా అమ్మ అనేది; చేదెక్కుతుందని ఆవిడ భయం, వేడికి విటమిన్ పోతుందన్నది మనం చెప్పుకోవలసిన కారణం.

మా రైతుబజారు గేటు పక్కన గంపలో జాంపళ్ళు పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంటుంది. డెబ్బై దాటి ఉంటాయి, పెదవుల మధ్య అడ్డచుట్ట ఆరదు. మొన్న కిలో తూయించుకుంటూ, రోజూ ఒకటి నువ్వూ తినవచ్చు కదా అమ్మా అన్నాను. చుట్ట తీసి నోరు తెరిచి చూపించి, "అమ్మడానికే గానీ, నమలడానికి నాకు పళ్ళేవి బాబూ" అంది.