పెద్దమ్మ పంచాంగానికి మిర్రర్ లేదు

మా పెద్దమ్మ ఫోన్ మొన్న నీళ్ల బకెట్లో పడింది. కొత్తది కొన్నాం. నంబర్లు వచ్చాయి, ఫోటోలు వచ్చాయి, వాట్సాప్ వచ్చింది. పంచాంగం ఒక్కటే రాలేదు. ఏడెనిమిదేళ్లుగా రోజూ పొద్దున కాఫీకి ముందు తిథి, వర్జ్యం, రాహుకాలం చూసుకునే యాప్ అది. పెద్ద అక్షరాలు, ప్రకటనల గోల లేదు, నెట్ అక్కర్లేదు. స్టోర్‌లో ఎంత వెతికినా కనపడలేదు. ఆవిడ అకౌంట్‌లో పాత యాప్‌ల జాబితా తీస్తే పేరు దొరికింది గానీ, నొక్కితే ఈ ఫోన్‌కి అందుబాటులో లేదంది. చేసినాయన మానేశాడో, ఏదో ఫారం నింపలేదో, కొత్త ఆండ్రాయిడ్‌కి తగ్గట్టు మార్చలేదో, ఏమయిందో. "ఒరేయ్, నా పంచాంగం ఎవరు తీసేశార్రా?" అంటుంది పెద్దమ్మ. ఇన్నేళ్లు కంప్యూటర్లతోనే అన్నం తిన్నవాణ్ని, ఏం చెప్పాలో తోచలేదు.

ఆ రాత్రి కడుపు మండి అటక మీద పాత సీడీల డబ్బా దించాను. 1998లో నేను నెట్ నుంచి దించుకున్న జిప్ ఫైళ్లు అందులో ఉన్నాయి. సీడీలు కొన్ని గీతలు పడి చచ్చాయి, నిజమే. కానీ చచ్చిన సీడీలోని ఫైళ్ల పేర్లు కొట్టి వెతికితే, నాకు కావాల్సిన ప్రతిదీ ఎక్కడో ఒకచోట ఇప్పటికీ ఉంది. పాతికేళ్ల కిందటి ఫైలు దొరుకుతోంది, నిన్న మొన్నటి పంచాంగం దొరకట్లేదు. ఈ పోస్ట్ ఆ మంటతో రాస్తున్నదే.

కుర్రాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తా. వెబ్ రాకముందు, వచ్చిన కొత్తల్లో కూడా, సాఫ్ట్‌వేర్ కావాలంటే ఎఫ్‌టీపీ (నెట్ మీద ఫైళ్లు పంపుకునే పద్ధతి) సర్వర్‌కి వెళ్లాలి. ఆ పద్ధతికి తొలి రూపం 1971 ఏప్రిల్‌లో రాసింది అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ కుర్రాడు, అప్పటికి ఎంఐటీలో ఉన్నాడు. మనవాళ్లలో ఎంతమందికి ఈ పేరు తెలుసో నాకు అనుమానమే. దాని మీద వచ్చిన గొప్ప మర్యాద 'అనానిమస్' లాగిన్. యూజర్ పేరు దగ్గర అనానిమస్ అని కొట్టాలి, పాస్‌వర్డ్ దగ్గర మన ఈమెయిల్ అడ్రస్ ఇవ్వాలి. నిజమైనదో కాదో గట్టిగా అడిగేవాళ్లు తక్కువ. ఇంటికొచ్చిన వాణ్ని "ఏ ఊరు బాబూ?" అని అడిగి మంచినీళ్లివ్వడం లాంటిది. లోపలికెళ్తే 'పబ్' అనే డైరెక్టరీ. పబ్లిక్ అని. అందులో ప్రపంచం.

ఆ చలివేంద్రాలు ఎవరివనుకున్నారు? సిమ్‌టెల్20 అనేది అమెరికా సైన్యం క్షిపణులు పరీక్షించే వైట్ శాండ్స్ కేంద్రంలో, న్యూ మెక్సికో ఎడారిలో ఉన్న ఒక డెక్-20 అనే పెద్ద కంప్యూటర్. మొదటి అణుబాంబు పేల్చిన చోటు కూడా ఆ ఆవరణలోదే. అలాంటి చోట ఒక మూల, ఊళ్లో జనం వాడుకునే చిన్న చిన్న డాస్ (విండోస్‌కి ముందటి పీసీ వ్యవస్థ) ప్రోగ్రాములు వేలకొద్దీ దాచిపెట్టారు. కీత్ పీటర్సన్ అనే హ్యామ్ రేడియో ఆయన వాటిని ఏళ్ల తరబడి సర్దాడు. ఫిన్లాండ్‌లో వాసా విశ్వవిద్యాలయం వాళ్ల గార్బో ఉండేది. దాన్ని నడిపిన టిమో సాల్మి అకౌంటింగ్ ప్రొఫెసర్. కంప్యూటర్ సైన్స్ కాదు, అకౌంటింగ్! సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఆర్కైవ్, నార్త్ కరోలినాలో సన్‌సైట్, కాలిఫోర్నియాలో వాల్‌నట్ క్రీక్ అనే సీడీల కంపెనీ. ఆ కంపెనీ సీడీల్లో పెట్టి అమ్మే ఫైళ్లనే తన ఎఫ్‌టీపీ సర్వర్‌లో ఉచితంగా ఇచ్చేది. అయినా జనం సీడీలు కొనేవాళ్లు, ఎందుకో ఫోన్ బిల్లు కట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఫైళ్ల పక్కన ఒక ఇండెక్స్ ఉండేది చూడండి, నాకు అన్నిటికంటే అదంటే ఇష్టం. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడక్షరాలు. సైజు, తేదీ. ఆ పక్కన ఒక్క లైను వివరణ. ఆ లైను ఎవరో ఒక మనిషి చూసి పెట్టింది. ప్రోగ్రామ్ దేనికో తెలిసిన మనిషి. "మీ జీవితాన్నే మార్చేసే సరికొత్త అనుభవం" అని ఉండదు. "టెక్స్ట్ ఫైల్లో వరుసలు అక్షరక్రమంలో పెడుతుంది" అని ఉంటుంది, అంతే. సర్దేవాడి మాటకి ఎంత బరువుండేదంటే, 1991 సెప్టెంబర్‌లో హెల్సింకి కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) 'ఫ్రీక్స్' అని పేరనుకుంటే, ఫిన్లాండ్ విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ ఫునెట్‌లో ఎఫ్‌టీపీ చూసే ఆరి లెమ్కేకి అది నచ్చక, డైరెక్టరీకి 'లినక్స్' అని పెట్టేశాడు. బారసాలకి పిలవకుండానే పేరు పెట్టేసి పోయాడన్నమాట.

ఇక నా సంగతి. 1998లో హైదరాబాద్‌లో మా ఇంట్లో 33.6 మోడెమ్. కాగితం మీద వేగం ఏదైనా, మా లైన్ మీద సెకనుకి రెండున్నర కేబీ వస్తే ఆ రోజు పండగే. ఫ్లాపీకి సరిపడా ఫైలు దిగాలంటే పది నిమిషాలు. విండోస్‌లో నల్ల తెర మీద ఎఫ్‌టీపీ తెరిచి 'హ్యాష్' అని కొడితే, రెండు కేబీలు దిగినప్పుడల్లా ఒక # పడేది. దాదాపు సెకనుకి ఒకటి. #, #, #... ఆగిందంటే గుండె ఆగినట్టే. మా ఫోన్ ఆ వీధిలో నాలుగిళ్లకి పీపీ నంబర్. నేను ముప్పావుగంట లైన్ పట్టుకుంటే పక్కింటి అత్తయ్యగారి అబ్బాయి బొంబాయి నుంచి చేసిన ఫోన్ రాదు. ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏం నాయనా, మీ ఫోన్ చెడిపోయిందా?" అని అడిగే తీరులో అన్నీ ఉండేవి.

దానికి తోడు వేళలు. సర్వర్‌లో అడుగుపెట్టగానే వచ్చే స్వాగతంలో చాలామంది రాసేవాళ్లు: మా ఆఫీసు పని గంటల్లో పెద్ద ఫైళ్లు దించుకోకండి, మీకు దగ్గర్లో ఉన్న మిర్రర్ (అవే ఫైళ్ల నకలు పెట్టుకున్న ఇంకో సర్వర్) వాడండి అని. అమెరికా తూర్పు తీరంలో చలికాలం సాయంత్రం ఆరంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నర. పాలవాడు వచ్చే లోపు అమెరికా, రాత్రి భోజనాలయ్యాక ఫిన్లాండ్. ఆ మర్యాద నేను పాటించానంటే మంచితనం వల్ల కాదు. పగలు కనెక్ట్ అయితే "అనానిమస్ యూజర్లు నిండిపోయారు, తర్వాత రండి" అని గెంటేసేది. 1993 డిసెంబర్‌లో డూమ్ ఆట విడుదలైనప్పుడు ఇంకా తమాషా. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం సర్వర్‌లో జనం ముందే వచ్చి కూర్చుని కాచుకుంటే, ఆట తెచ్చినవాళ్లకే ఫైలు ఎక్కించడానికి లోపలికి దారి దొరకలేదు. పెళ్లి పందిరి నిండిపోయి పెళ్లికొడుకు బయట నిలబడ్డట్టు.

నా తొలి పెద్ద డౌన్‌లోడ్ సంగతి చెప్పుకుంటే సిగ్గు. ఐదు ఎంబీ ఫైలు, ముప్పావుగంట, ఒక్కసారి కూడా లైన్ తెగలేదు. చివర్న "226 ట్రాన్స్‌ఫర్ కంప్లీట్" అని పడింది. చూస్తే ఇండెక్స్‌లో రాసిన సైజు కంటే నా ఫైలు ఓ ఇరవై కేబీలు ఎక్కువుంది. కొసరు వేశారేమోలే అనుకున్నా! అన్‌జిప్ చేస్తే చెడిపోయింది పొమ్మంది. నేను 'బైనరీ' అని కొట్టడం మర్చిపోయా. మామూలుగా అది టెక్స్ట్ పద్ధతిలో ఉంటుంది. అవతలి యూనిక్స్ సర్వర్ వాడే లైను చివరి గుర్తుని విండోస్‌కి అనువుగా మారుస్తూ, ఫైల్లో 10 అనే బైట్ తగిలిన ప్రతిచోటా దాని ముందు ఒక 13 దూర్చింది. జిప్‌లో అది లైను చివర కాదు, మామూలు డేటా. అంతా ముక్కలు ముక్కలు. ఆ తర్వాత పాతికేళ్లు, నిద్రలో లేపి అడిగినా ముందు 'బైనరీ' అనే అంటాను.

కాబట్టి ఆ రోజులే బంగారం, ఈ రోజులు మట్టి అని నేననను. ఇప్పుడు పాటకి పట్టినంత సేపట్లో సినిమా దిగుతోంది, సంతోషం. అప్పట్లో దొంగలు లేరా అంటే ఉన్నారు. 1994లో ఆ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఎఫ్‌టీపీ సర్వర్ ప్రోగ్రామ్‌నే ఎవరో మార్చి, అందులో దొంగదారి పెట్టారు. కొన్ని కాపీలు అలాగే పంపిణీ అయ్యాయి, కంప్యూటర్ భద్రత చూసే సెర్ట్ సంస్థ వాళ్లు హెచ్చరిక జారీ చేయాల్సొచ్చింది. స్టోర్ వాళ్లు యాప్‌ని వడపోసి ఇవ్వడం మంచిదే. మా పెద్దమ్మ ఫోన్‌లో కంటపడిన ప్రతి ఫైలూ ఎక్కించమని నేను చచ్చినా చెప్పను.

నా గోల వేరే. ఆ రోజుల్లో ఏ ఫైలూ ఒక్క ఇంట్లోనే ఉండేది కాదు. సిమ్‌టెల్20ని 1993లో సైన్యం మూసేసింది. ఇక ఖర్చు భరించలేం అంది, తాళం వేసింది. అయితే ఫైళ్లు పోయాయా? లేదు. మిషిగన్‌లో ఓక్‌లాండ్ విశ్వవిద్యాలయం దగ్గర, సెయింట్ లూయిస్ దగ్గర, ఇంకా ఎన్నో దేశాల్లో అచ్చు అవే ఫైళ్లు అప్పటికే ఉన్నాయి. మిర్రర్లు. కొత్తగా ఏమొచ్చిందో చూసి తెచ్చి పెట్టుకోవడం వాటికి రోజువారీ పని, మనం రాత్రి పాలు తోడేసినట్టు. షేర్‌వేర్ రాసినవాడు కూడా రీడ్‌మీలో "మార్చకుండా ఎంతమందికైనా కాపీ చేసి ఇవ్వండి, నచ్చితే డబ్బు పంపండి" అనేవాడు. కాపీ చేస్తే దొంగ కాదు, ఉపకారి. నేను 1998లో దించుకున్నది కూడా అసలు సిమ్‌టెల్ నుంచి కాదు, అది పోయిన ఐదేళ్లకి దాని బిడ్డల దగ్గర్నుంచి. వాల్‌నట్ క్రీక్ వాళ్లు అమ్మిన సీడీల అచ్చు నకళ్లు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారంలో ఉన్నాయి. అందుకే మొన్న నాకు దొరికాయి.

ఇప్పుడు? మామూలుగా యాప్ ఒక్కచోటే ఉంటుంది. ఆ ఒక్కచోటివాడు తీసేస్తే ఊరంతటికీ పోయినట్టే. ఇంకొకడు దాచిపెట్టి ఇవ్వడానికి ఒప్పుకోరు. ఎవరైనా దాచినా, అది ఏదో అనుమానాస్పద సైటులో ఐదు పచ్చ 'డౌన్‌లోడ్' బటన్ల మధ్య ఉంటుంది, అందులో నాలుగు బూటకం. వడపోతా, గుత్తాధిపత్యమూ రెండూ ఒకటే అన్నట్టు మనకి అమ్మారు. సరిచూసి సంతకం చేసిన ఫైలుని వంద చోట్ల పెట్టుకోవచ్చు, లినక్స్‌ని ఉచితంగా పంచే డెబియన్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా సుబ్బరంగా చేస్తున్నారు. సాంకేతికంగా అడ్డేమీ లేదు. అవసరం లేదనుకున్నారు, అంతే.

మధ్యలో చెడగొట్టినవాళ్లూ తక్కువేం కాదు. సీనెట్ వాళ్ల డౌన్‌లోడ్ డాట్ కామ్ 2011లో ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్‌లను పరీక్షించే ప్రోగ్రామ్) లాంటి ఉచిత ప్రోగ్రాములకి తన ఇన్‌స్టాలర్ చుట్టి, లోపల టూల్‌బార్ కుక్కి ఇచ్చింది. రాసినాయన బహిరంగంగా తిట్టిపోశాడు. ఉచిత ప్రోగ్రాములు దాచే సైటు సోర్స్‌ఫోర్జ్ కూడా 2015 దాకా అదే దారి పట్టి, చేతులు మారాక గానీ మానలేదు. ఇక 2021లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఎఫ్‌టీపీ తెరవడం మానేశాయి. గుప్తీకరణ లేని పాత పద్ధతి, పోనీలే, దానికి నేను ఏడవను. దాంతో పాటు 'అద్దంలా ఇంకోచోట ఉండాలి' అన్న ఆలోచన కూడా పోయింది, నా ఏడుపు దానికి.

మన తెలుగు అక్షరం కంప్యూటర్‌ మీదకి ఆ దారిన కూడా వచ్చింది కదా. తొంభైల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్లు, యూనికోడ్ తెలుగు చేతికి రాని రోజుల్లో, సొంతంగా చేసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులోకి మార్చే 'రిట్' చేశారు. ముక్కవిల్లి వాళ్లు టెక్ (TeX) అనే అచ్చు కూర్పు ప్రోగ్రామ్ కోసం తెలుగు ఫాంటు, దానికి కావాల్సిన మేక్రోలు చేశారు. డబ్బు కోసం చేసింది కాదు, ప్రచారం లేదు. సర్వర్లలో పెట్టారు, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకున్నారు.

ఆ తెలుగు టెక్ ప్యాకేజీ సీటాన్ అనే, టెక్ సరుకంతా దాచే ఆర్కైవ్‌లో ఉంది. మొన్న రాత్రి పరీక్షగా దించి చూశా. చాలా దేశాల్లో దానికి మిర్రర్లున్నాయి. # లు చూసే అవకాశం కూడా ఇవ్వలేదు, నొక్కిన వేలు తీసేలోపే వచ్చేసింది.

పెద్దమ్మకి మర్నాడు గుడి దగ్గర కొట్లో అచ్చు పంచాంగం కొనిచ్చా. అక్షరాలు చీమల్లా ఉన్నాయంటోంది. రోజూ పొద్దున ఏడింటికి నాకు ఫోన్ చేసి వర్జ్యం ఎప్పుడని అడుగుతోంది. నేను చదివి చెబుతున్నా.