ముందు లేచే టైం, ఆ తర్వాతే లక్ష్యం

రిటైరైన మర్నాడే కొత్త లక్ష్యం రాసుకోండని కొందరు సలహా ఇస్తుంటరు. అక్కడే తేడా కొడుతుంది. 61 ఏళ్ల దాకా హాజరు రిజిస్టరు, బస్సు టైము నడిపించిన ఒంటికి ఆ తాడు తెగంగనే పగటి నిద్ర, రాత్రి జాగారం మొదలవుతయి. మొదటి రెండు వారాలు లేచే టైం ఒక్కటి గట్టిగ పట్టుకోండి, పడుకునే టైం దాని వెంటే వస్తది. లేచిన గంటలోపు వెలుతురులో అరగంట నడక. నల్లగొండోళ్లకు పానగల్ చెరువు కట్ట ఉండనే ఉంది. ఎండాకాలం ఏడులోపే ఇంటికి చేరాలె. మధ్యాహ్నం కునుకు 20 నిమిషాలు చాలు. కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం చాయ్ బంద్ (ఇదే అందరికీ కష్టం).

పాత క్యాలెండర్ కాగితం వెనక రోజూ 9, 2, 6 గంటలకు ఓపికకు 5లో ఎన్ని మార్కులో వేయండి. 14 రోజులకు మీ మంచి గంటలేవో బయటపడతయి, కొత్త పని అక్కడే పెట్టుకోవాలి. చుట్టాలు తినేసేదీ ఆ గంటలనే: "ఖాళీగనే ఉన్నవ్ గద బావా, జర బ్యాంకు కాడికి పోయిరా." "బుధవారం పోత" అనండి. చిల్లర పనులన్నీ ఆ ఒక్క రోజుకే. నెల దాటినా నీరసం పోకపోతే మనసు మీదికి నెట్టొద్దు. షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూపించుకోండి.