మిక్చర్ డబ్బా, పుత్తూరు పెద్దాయన

మా వదిన కూతురి నిశ్చితార్థం తిరుపతిలో. అక్కడ దొరకని మిక్చరేమీ కాదు. కానీ మా ఆవిడ ఫోనులో "అంగడి మిక్చరు పెడతారా ఎవరన్నా, నేను చేసి పంపిస్తాలే" అని మాట జారింది. ఆ జారిన మాటకు నేను పదిహేను కిలోల ఖాళీ నూనె డబ్బా వెతికి తేవాల్సి వచ్చింది.

రెండు రోజులు మా ఇంట్లో చెనక్కాయ నూనె కాగుతూనే ఉంది. బూందీ, ఓమప్పొడి, అటుకులు, పప్పులు, చెనక్కాయ విత్తనాలు విడివిడిగా వేయించి, పాత పంచె పరిచి దాని మీద గుమ్మరించి, మోచేతుల దాకా దించి కలిపింది. ఆఖర్న కిలో జీడిపప్పు. "ఏ మూల పిడికెడు తీసినా మూడు జీడిపప్పులు తగలాల" అని ఆమె పట్టు. పిడికెడు తీసి లెక్క పెడుతుంది, తక్కువైతే మళ్ళీ కలుపుతుంది. లెక్క పెట్టిన పిడికెళ్ళన్నీ నా వాటా. పాతికేళ్ళుగా పిల్లకాయలకు ఫిజిక్సు చెప్తున్నాను గానీ, నమూనా పరీక్షను ఇంత నిష్ఠగా చేసినవాళ్ళను నేను చూడలేదు. డబ్బా నింపి, రెండు వేళ్ళ ఖాళీ ఉంచి, మూతకు గుడ్డ కట్టి, ఆమె ముందురోజే అక్క ఇంటికి వెళ్ళిపోయింది. డబ్బా, నేను మర్నాడు.

చిత్తూరు నుంచి తిరుపతి డెబ్బై కిలోమీటర్లు. నాకు దొరికింది వెనక చక్రం మీది సీటు. రోడ్డు నున్నగానే ఉంది. బస్సే తన పాత అలవాట్లు మానలేదు. ఆగిన చోటల్లా ఇంజను వణుకు, కదిలిన చోటల్లా ఎగురుడు. మోకాళ్ళ మధ్య డబ్బా జరజరమని ఒకటే మోత. మిక్చరు కలపడానికి రెండు రోజులు పడితే, విడిపోవడానికి రెండు గంటలు చాలునని అప్పుడు నాకు తట్టలేదు. తట్టాల్సింది. పాఠం చెప్పేవాడికి పాఠం గుర్తొచ్చేది పరీక్ష అయిపోయాకే గదా.

తిరుపతిలో మూత తీయగానే మా ఆవిడ మొహం మారిపోయింది.

"నాలుగు వేళ్ళు దిగిందే! తిన్నారా?"

"అమ్మతోడు, పూతలపట్టు దాటేదాకా చెయ్యి కూడా పెట్టలేదు."

"దాటినాక?"

కుదిపితే గింజల మధ్య సందులు పూడి మట్టం దిగుతుందనీ, చెనక్కాయలు కొనేవాడు అందుకే కొలిచే పడిని కుదిపి నింపమంటాడనీ చెప్పబోయాను. ఈలోపల మా వదిన డబ్బాలోకి తొంగి చూసి "అబ్బా! ఏం జీడిపప్పు వేసిందే మా చెల్లెలు!" అంది. నిజమే. పైన బూందీ లేదు, ఓమప్పొడి లేదు. జీడిపప్పు, చెనక్కాయ విత్తనాలు తాంబాళంలో పరిచినట్టు ఉన్నాయి. మా ఆవిడ నన్ను వదిలేసి పొగడ్త అందుకుంది.

పెండ్లికొడుకు అమ్మ తరపు వాళ్ళు ముందు వచ్చారు. కాగితం ప్లేట్ల నిండా జీడిపప్పు. "ఇట్లా పెట్టేవాళ్ళు ఈ కాలంలో ఎవరుండారు!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నాన్న తరపు వాళ్ళు పుత్తూరు నుంచి వ్యానులో గంట ఆలస్యంగా దిగారు. పదకొండు మంది, వాళ్ళకు ముందు పెండ్లికొడుకు పెదనాయన. మంచి భారీ మనిషి, గళ్ళ కండువా. అప్పటికి డబ్బా అడుక్కొచ్చింది. ఆయన చేతికందిన ప్లేటులో పసుప్పచ్చటి పొడి, విరిగిన ఓమప్పొడి ముక్కలు, ఉప్పూకారం, రెండు కరివేపాకు రెబ్బలు. ఆయన చూపుడు వేలితో కెలికి, వేలు పైకెత్తి చూసుకున్నాడు.

"ఇదేంది నాయనా, విభూతా?"

పక్కనే అవతలి తరపు పిల్లోడు ఒకడు పళ్ళ మధ్య జీడిపప్పు పట్టుకుని నిలబడ్డాడు. వాణ్ణి అప్పుడే అక్కడ నిలబెట్టింది ఏ దేవుడో నాకు తెలియదు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉంది, అదీ వాళ్ళ ఊరిదే. ఈ విరుపుకు ఏ కట్టు కట్టాలో నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఊరుకోవాలి. నేను సైన్సు ఎత్తుకున్నాను.

"తప్పు ఎవరిదీ కాదు పెదనాయనా, ఇది ప్రకృతి ధర్మం. డబ్బా ఎగిరినప్పుడల్లా లోపలివన్నీ ఒక్క క్షణం లేస్తాయి. జీడిపప్పు కింద చిన్న సందు ఏర్పడుతుంది. పొడి చటుక్కున ఆ సందులోకి జారుతుంది. జీడిపప్పు మళ్ళీ దిగాలంటే దానికి పెద్ద సందు కావాల, అంత సందు ఒక్కసారిగా ఎవరిస్తారు? అట్లా ఒక్కో కుదుపుకూ ఒక్కో మెట్టు పైకి. తిరుపతి బస్టాండులో కొండ బస్సు వచ్చినప్పుడు చూడలేదా? సన్నటివాళ్ళు సందుల్లో దూరి సీట్లు పట్టేస్తారు. లావాటివాళ్ళు..."

అక్కడ ఆగాను. ఆలస్యమైపోయింది.

"నన్నేనా అంటాండావు?" అన్నాడు పెదనాయన.

కంగారులో మనిషి చరిత్రలోకి పారిపోతాడు. 1831లోనే మైకేల్ ఫారడే కంపించే పలక మీద పొడి పోస్తే అది కుప్పగా లేచి లోపల్లోపలే తిరగడం చూశాడని చెప్పాను. 1987లో నలుగురు శాస్త్రవేత్తలు, కలిపిన పప్పుల డబ్బాలో బ్రెజిల్ నట్లనే పెద్ద గింజలు పైకెందుకు తేలతాయని ఏకంగా పరిశోధన వ్యాసమే రాశారని చెప్పాను. 1993లో షికాగోలో మరో కారణం తేలింది. కుదుపుకు గింజలు నడుమ పైకి లేస్తాయి, గోడల వెంట సన్నటి పాయగా కిందికి దిగుతాయి. నడుమ లేచిన పెద్ద గింజ ఆ సన్నటి పాయలో పట్టక పైనే చిక్కుకుంటుంది. 2021లో మాంచెస్టరు వాళ్ళు డబ్బాను సీటీ స్కాన్‌లో పెట్టి, అడ్డంగా పడుకున్న బ్రెజిల్ నట్టు నిలువుగా తిరిగాకే పైకి ఎక్కుతోందని ఫొటోలతో సహా చూపించారు. ఇటోకావా అనే గ్రహశకలం దగ్గరికి 2005లో జపాను వాళ్ళ హయబుసా నౌక పోయింది. దాని పైనంతా పెద్ద పెద్ద బండలు, దానికీ ఇదే కారణం కావచ్చని కొందరి అనుమానం.

"ఆ గ్రహానికి పోయినోళ్ళకైనా జీడిపప్పు పెట్టినారా, లేదా?" అన్నాడాయన.

ఈలోపల మా తోడల్లుడు వచ్చాడు. పెండ్లికూతురి తండ్రి, వృత్తికి సైటు ఇంజనీరు. చక్కదిద్దుతాడనుకున్నాను.

"ఏం మాట్లాడతావబ్బా నువ్వు? పెద్దది, బరువైంది కిందికి పోవాల గానీ పైకెట్టా వస్తుంది? స్లాబులో వైబ్రేటరు ఎక్కువసేపు పెట్టి చూడు. కంకర అడుక్కి, సిమెంటు పాలు పైకి. కాంక్రీటును మీటరున్నర కంటే ఎత్తు నుంచి పోయొద్దని మా కాంక్రీటు రూల్సు పుస్తకం ఐఎస్ 456లో ఊరికే రాసినారా? కంకర విడిపోతుందనే గదా!"

"అది తడి అన్నా! సిమెంటు ముద్ద కంటే కంకర బరువు, మునుగుతుంది. ఇది పొడి. తడిలో బరువు గెలుస్తుంది, పొడిలో సందు గెలుస్తుంది."

"బరువు ఏడైనా బరువే."

"నీ స్లాబు వేరు, నా డబ్బా వేరు!"

అమ్మాయి తండ్రి, అమ్మాయి చిన్నాన్న వియ్యాలవారి ముందు కంకర గురించి కొట్టుకోవడం చూసి, పుత్తూరు వాళ్ళు కాసేపు సొంత కోపం మరిచిపోయారు. అప్పుడు మా అత్త మూలనుంచి అంది, "దీనికింత రామాయణమెందుకు? చేటలో బియ్యం పోసి నేమితే నూకలు కిందికి, గింజలు పైకి. ఆడపిల్లకు ఏడేళ్ళకే తెలుస్తుంది. పెట్టేముందు డబ్బాను పళ్ళెంలో బోర్లించి కలపాలని తెలియని మొగోళ్ళను తెచ్చుకుంటిమి." డబ్బా లోంచి వడ్డించింది ఆమె పెద్దకూతురే. ఆ సంగతి నేను ఎత్తలేదు.

తాంబూలాలు మార్చుకున్నారు గానీ పెదనాయన మొహం విప్పలేదు. భోజనాలకు లేవమంటే "మేము వెనకబడి తింటాంలే, మాకు అలవాటేగా" అన్నాడు. జీడిపప్పు తిన్నవాళ్ళు మొదటి వరస కూర్చున్నారు.

సాంబారు పెద్ద అండాలో చేయించారు. వడ్డించే కుర్రోళ్ళు ఎంత హడావిడిలో ఉన్నారంటే, గరిటె పైపైన ముంచి బకెట్లలో పోసుకుని పరుగు. అండా అప్పటికి పొయ్యి దిగి గంటయింది. కందిబేడలు, గుమ్మడికాయ, ములక్కాడలు, ఎర్రగడ్డలు అన్నీ శుభ్రంగా అడుగుకు చేరుకున్నాయి. మొదటి వరస ఆకుల్లో తేట నీళ్ళు పారాయి. "ఏంది, చేతులు కడుక్కునేదానికా?" అని అటునుంచి ఎవరో అన్నారు.

నేను నోరు తెరిచాను. మా ఆవిడ వెనకనుంచి నా చొక్కా పట్టి లాగింది. అవతల తోడల్లుడు నాకేసి చూసి కనుబొమలెగరేశాడు. తడిలో గెలుపు తనదేనని.

రెండో వరసలో పుత్తూరు వాళ్ళు కూర్చున్నారు. పెదనాయన ఆకులో ఒక గరిటె సాంబారు పడింది. ముద్దగా, చిక్కగా, మీద నాలుగు ములక్కాడ ముక్కలు, ఒక గుమ్మడి చెక్క. ఆయన దానికేసి చూశాడు, ముందు లేచి పోతున్న వాళ్ళకేసి చూశాడు, ఆఖర్న నాకేసి చూశాడు.

"నాయనా," అన్నాడు వడ్డించే కుర్రోడితో, "ఇంగో గరిటె. అడుగుదాకా దించు."