ఇంధనం ఆగిపోయిన రోజున మిగిలింది ఎవరు?

మా ఎమ్మెస్సీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మూడు రోజులుగా ఒకటే గొడవ. ఒకాయన “అణురంగంలో మనకెవరూ చెయ్యి అందించలేదు, అంతా మన రెక్కల కష్టం” అంటాడు. ఇంకొకాయన “కెనడా రియాక్టర్ ఇవ్వకపోతే, అమెరికా భారజలం పంపకపోతే మనవాళ్లు ఏం చేసేవాళ్లు?” అంటాడు. గ్రూపులో రాస్తే గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద పడిపోతుంది, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇద్దరి మాటా నాకు మింగుడుపడటం లేదు. పొడుగ్గా ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ మొదలైంది. ఆసియాలో అదే మొదటిది అని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కట్టింది మనవాళ్లే. లోపల పెట్టిన ఇంధనం మాత్రం బ్రిటన్ నుంచి వచ్చింది. నాలుగేళ్లకి, 1960 జులైలో సైరస్ వచ్చింది. దాని పేరులోనే మూడు దేశాలున్నాయి: కెనడా, ఇండియా, అమెరికా. 40 మెగావాట్ల ఆ రియాక్టర్ డిజైన్ కెనడాది, కొలంబో ప్లాన్ కింద డబ్బు సాయం కూడా కెనడాదే. రియాక్టర్‌లో న్యూట్రాన్ల వేగం తగ్గించే భారజలం అమెరికాది. మన కుర్రాళ్లు కెనడాలోని చాక్ రివర్ వెళ్లి, అక్కడి రియాక్టర్ల దగ్గర పని నేర్చుకుని వచ్చారు. కాబట్టి “ఎవరూ ఏమీ ఇవ్వలేదు” అనే మాట అబద్ధం. ఇచ్చారు, బాగానే ఇచ్చారు.

మరి ఆ తర్వాత ఏమైంది? 1974 మే 18న పోఖ్రాన్‌లో పరీక్ష జరిగింది. వాడిన ప్లుటోనియం సైరస్‌లో తయారైనదే. శాంతియుత అవసరాలకే వాడతామన్న మాట మీద తీసుకున్న రియాక్టర్ అది. మనం దానికి “శాంతియుత విస్ఫోటనం” అని పేరు పెట్టాం. కెనడా వాళ్లకి అది నమ్మకద్రోహంలా కనిపించింది. దేశభక్తి తక్కువై కాదు, ఈ రంగం మీద ఉన్న ప్రేమ కొద్దీ అంటున్నాను: వాళ్ల కోపంలో న్యాయముంది, అది మనం ఒప్పుకోవాలి. ఆ దెబ్బ మనకొక్కరికే తగల్లేదు. అణు ఎగుమతులను కట్టడి చేసే దేశాల కూటమి పుట్టిందే మన పరీక్ష తర్వాత. బాంబు ఊసే లేని ఎన్నో పేద దేశాలకి కూడా చిన్నచిన్న పరికరాలు దొరకడం కష్టమైంది. ఆ లెక్క మనం ఎప్పుడూ వేసుకోలేదు.

అయితే అసలు కథ నాకు ఇక్కడే మొదలవుతుంది. కెనడా వాళ్లు సాయం ఆపి వెళ్లిపోయేసరికి, వాళ్ల తోడుతో రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో కడుతున్న అణువిద్యుత్ కేంద్రం రెండో యూనిట్ సగంలో ఉంది. దాన్ని మనవాళ్లే పూర్తి చేసుకున్నారు, 1981 అయింది. ఆలస్యమైంది, కానీ ఆగిపోలేదు. ఎందుకాగలేదంటే, చాక్ రివర్‌లో నేర్చుకున్న మనుషులు, వాళ్ల దగ్గర నేర్చుకున్న మనుషులు ఇక్కడే ఉన్నారు కాబట్టి. ఒప్పందం రద్దు చేయొచ్చు, ఇంధనం ఆపొచ్చు, విడిభాగాలు ఓడ ఎక్కకుండా చూడొచ్చు. ఒకసారి మనిషికి వచ్చిన పనిని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

తమిళనాడులోని కల్పాక్కం సంగతి చెప్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడి ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్‌కి (కాల్చినదానికంటే ఎక్కువ ఇంధనం పుట్టించే రకానికి ప్రయోగం అది) ఫ్రాన్స్ తోడు. 1969లో ఒప్పందం. మన ఇంజినీర్లు కదరాష్ వెళ్లి, ఫ్రెంచివాళ్ల రాప్సొడీ రియాక్టర్ డిజైన్ మీద పనిచేసి వచ్చారు. దానికి కావలసిన ఎన్‌రిచ్డ్ యురేనియం (తేలిగ్గా చీలే పరమాణువుల పాలు పెంచినది) కూడా అక్కణ్ణుంచే రావాలి. పోఖ్రాన్ తర్వాత అది రాలేదు. రియాక్టర్ కడుతున్నాం, పొయ్యిలో పెట్టడానికి కట్టెలు లేవు. అప్పుడు మనవాళ్లు ప్రపంచంలో ఎవరూ పూర్తి స్థాయిలో వాడని దారి పట్టారు: ప్లుటోనియం కార్బైడ్ 70 శాతం, యురేనియం కార్బైడ్ 30 శాతం కలిపిన ఇంధనం. ఇది రాసినంత తేలిక కాదు. కార్బైడ్ పొడికి గాలి తగిలితే అంటుకుంటుంది, తేమ తగిలితే పాడైపోతుంది. గాలి చొరబడని పెట్టెల్లో, లావుపాటి రబ్బరు గ్లవుజుల్లో చేతులు పెట్టి, అద్దంలోంచి చూస్తూ, పొడి నూరి బిళ్లలు చేయాలి. వేలికొసకి స్పర్శ తెలియదు. ఒక్క గ్లవుజుకి చిల్లు పడితే ఆ రోజు పని పోవడమే కాదు, ప్రాణాల మీదికి వస్తుంది. ఆ బిళ్లలతోనే 1985 అక్టోబర్ 18న కల్పాక్కంలో గొలుసుచర్య మొదలైంది. మొదట్లో పెట్టుకున్న పరిమితికి ఎన్నో రెట్లు ఆ ఇంధనం కాలింది.

“చూశావా, సాయం లేకపోయినా సాధించాం” అని మా గ్రూపులో మొదటాయన ఎగిరి గంతేస్తాడని తెలుసు. అన్నా, ఆ రియాక్టర్ డిజైన్ ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకున్నాం? రెండోది, ఆ పదకొండేళ్లలో పోయిన కాలానికి లెక్కుందా? కష్టం మనల్ని గట్టిపరిచిందని చెప్పుకోవడం సుఖంగానే ఉంటుంది. ఇంధనం వేళకి వచ్చి ఉంటే అవే చేతులు ఇంకెంత దూరం పోయేవో కూడా ఆలోచించాలి కదా.

మహారాష్ట్రలోని తారాపూర్ కథ మన హైదరాబాద్‌కి దగ్గరిది. 1969లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన ఆ రెండు రియాక్టర్లు అమెరికావి. వాటికి ఎన్‌రిచ్డ్ యురేనియం అమెరికా నుంచి రావడం, హైదరాబాద్‌లోని మన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధనంగా తయారై తారాపూర్ వెళ్లడం పద్ధతి. అమెరికా తన చట్టం మార్చుకుని సరఫరా ఆపేశాక ఫ్రాన్స్ ఇచ్చింది, 1995లో చైనా ఇచ్చింది, 2001లో రష్యా ఇచ్చింది. ఒక్క రియాక్టర్ జంట కోసం నాలుగు దేశాల గుమ్మాలు ఎక్కాం. ప్రతిసారీ ఆ కొత్త సరుకుని అందుకుని, కడ్డీలు చేసి పంపింది మాత్రం హైదరాబాద్ కార్మికులూ ఇంజినీర్లే. గుమ్మాలు మారాయి, చేతులు మారలేదు.

నేనుండేది ఏఎస్ రావు నగర్ దగ్గర. బట్టల షాపులకీ టిఫిన్ సెంటర్లకీ పేరున్న చోటు. మా పక్కింటి ఇంటర్ పిల్లాణ్ణి ఏఎస్ రావు ఎవరని అడిగితే “ఎవరో కార్పొరేటర్ అయుంటాడు ఆంటీ” అన్నాడు. పాపం, వాడి తప్పేముంది, మనమెవరం చెప్పాం గనక. అయ్యగారి సాంబశివరావు గారిది పశ్చిమ గోదావరి మోగల్లు. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చి, భాభా దగ్గర చేరి, అప్సర నడవడానికి కావలసిన ఎలక్ట్రానిక్స్ పనికి పెద్దగా నిలబడ్డాడు. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ పెట్టాడు. విశాఖలో ఎమ్మెస్సీ మొదటి ఏడాది నా చేతికిచ్చిన గైగర్ కౌంటర్, అంటే రేడియేషన్ లెక్కపెట్టే పరికరం, ఈసీఐఎల్‌దే. వోల్టేజీ కొంచెం కొంచెంగా పెంచుతుంటే ఒక్కసారిగా టిక్ టిక్ మని మొదలయ్యే ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది.

నేను చదివిన అణుభౌతిక విభాగాన్ని ఆంధ్రా యూనివర్సిటీలో నిలబెట్టిన మనిషి ఇంకా విచిత్రం. స్వామి జ్ఞానానంద, భీమవరం దగ్గర గొరగనమూడి. సన్యాసి. హిమాలయాల్లో తపస్సు చేసి, యోగం గురించి చెప్పడానికి జర్మనీ వెళ్లి, అక్కడ ఫిజిక్స్ మీద మనసు పడి, ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద పనిచేసి, న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పరిశోధన చేసి, అమెరికా కూడా చూసి తిరిగొచ్చాడు. ఏ ప్రభుత్వ ఒప్పందమూ లేదు. కాషాయం కట్టిన తెలుగువాడికి ప్రాగ్‌లో ఒక ప్రొఫెసరు ల్యాబ్ తలుపు తెరిచాడు, అంతే. ఆ తలుపులోంచి వచ్చిన చదువుతో విశాఖలో కొన్ని తరాలు బతికాయి. నేనూ అందులో ఒకదాన్ని.

ఇక నా సొంత గోడు. తర్వాత వేరే ఊళ్లో ఒక ల్యాబ్‌లో తీరప్రాంతపు ఇసుక మీద పనిచేశాను. మన తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, అందులో థోరియం అనే రేడియోధార్మిక లోహం. ఆ ఇసుకలోంచి వచ్చే గామా కిరణాలు కొలవడానికి ఒక జెర్మేనియం డిటెక్టర్. దాన్ని ఎప్పుడూ లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లగా ఉంచాలి. ముప్పై లీటర్ల క్యాన్ ఆటోలో పెట్టుకుని, గుంతల్లో ఒలకకుండా ఒళ్లో పట్టుకుని, వారానికి రెండుసార్లు తెచ్చేదాన్ని. మూత దగ్గర తెల్లటి పొగ వస్తుంటే ఆటో డ్రైవర్లు భయపడేవాళ్లు. ఒకరోజు దాని ప్రీయాంప్లిఫయర్‌లో (సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం) ఒక చిన్న ముక్క పోయింది. అగ్గిపుల్ల తలకాయంత. మాకు సర్క్యూట్ డయాగ్రామ్ లేదు, కంపెనీ ఇవ్వదు. విప్పితే వారంటీ పోతుంది. పంపితే వాళ్ల దేశం నుంచి తిరిగి రావడానికి ఎగుమతి లైసెన్సు కావాలి. ఏం కొలుస్తారు, ఎందుకు కొలుస్తారు, ఇంకెవరికైనా ఇస్తారా అని ఫారాల మీద ఫారాలు. సముద్రపు ఇసుక కొలుస్తామని నాలుగుసార్లు రాసిచ్చాం. పద్నాలుగు నెలలు పట్టింది. ఆ డిటెక్టర్ కొనడానికి వచ్చిన డబ్బు కాగితాల మీద “అంతర్జాతీయ సహకారం” పద్దు కిందే ఉంది.

అప్పుడు నన్ను నిలబెట్టింది మా గైడ్ సార్ తెచ్చిన కాగితాలు. ఆయన ఇటలీలోని ట్రియెస్ట్‌లో ఉన్న అంతర్జాతీయ ఫిజిక్స్ కేంద్రానికి వెళ్లొచ్చేవారు. వచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టలు తక్కువ, జిరాక్సులు ఎక్కువ. మేడమ్ గారు చీరలేమైనా తెచ్చారేమోనని తెరిస్తే అన్నీ పేపర్లే. ఆ కేంద్రాన్ని 1964లో పెట్టినాయన పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మొదటినుంచీ వెనక నిలబడింది. లాహోర్‌లో ఒంటరిగా, మాట్లాడుకోవడానికి తోటి ఫిజిక్స్ మనిషి లేక, సలామ్ దేశం వదిలిపెట్టాల్సి వచ్చింది. తన గతి ఇంకొకరికి పట్టకూడదని, పేద దేశాలవాళ్లు కొన్ని వారాలు వచ్చి, నేర్చుకుని, మళ్లీ తమ ఊరు వెళ్లి పనిచేసుకునే ఏర్పాటు చేశాడు. తెలివైనవాణ్ణి లాగేసుకుని తన దగ్గర పెట్టుకోవడం కాదు, ఇంటికి తిరిగి వెళ్లేలా చూడటం. నాకు తెలిసి ఇంతకంటే గొప్ప సాయం ఎవరూ చేయలేదు.

జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ కూడా మనతో మర్యాదగానే నడుచుకుంది. కణాలను ఢీకొట్టించే అక్కడి పెద్ద యంత్రం లార్జ్ హాడ్రన్ కొలైడర్‌లో పదిహేను మీటర్ల పొడుగు, దాదాపు 35 టన్నుల బరువున్న అయస్కాంతాలు 1,232 ఉన్నాయి. అవి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చునేది మన దేశంలో చేసిన జాకీల మీద. ఆ సరుకు విలువలో సగాన్ని మన శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లి పనిచేయడానికి ఒక నిధిగా పెట్టారు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అది. అదే కాలంలో, 1998 పరీక్షల తర్వాత, మన అణుశక్తి కమిషన్ ఛైర్మన్ చిదంబరం గారికి స్ఫటికశాస్త్ర సమావేశానికి వెళ్లడానికి కూడా అమెరికా వీసా ఇవ్వలేదు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

అందుకే కొవ్వాడ గురించి ఎవరు మాట్లాడినా నేనడిగేది ఒకటే. శ్రీకాకుళం తీరంలో అక్కడ 1,208 మెగావాట్లవి ఆరు రియాక్టర్లు కట్టాలని ప్రతిపాదన, అమెరికన్ డిజైన్. మెగావాట్లు చెప్తారు, ఎకరాలు చెప్తారు, రేటు మీద చర్చిస్తారు. సరే. శ్రీకాకుళం పాలిటెక్నిక్ పిల్లలు ఎంతమంది ఆ డిజైన్ చేసినవాళ్ల పక్కన కూర్చుని పని నేర్చుకుంటారు? భూమి పోయే జాలరి కుటుంబాల పిల్లల్లో ఎంతమంది కంట్రోల్ రూమ్ దాకా వెళ్తారు? ఒప్పందంలో ఆ మాట రాసి లేకపోతే అది బేరం. బేరాన్ని బేరమనండి, సహకారమనే మాట దానికి వాడొద్దు.

ఇప్పుడు మనమూ ఇచ్చే స్థితికి వచ్చాం. కాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే భాభాట్రాన్ యంత్రాన్ని 2010లో వియత్నాంలోని కాన్ థో ఆస్పత్రికి ఇచ్చాం. బంగ్లాదేశ్ రూప్‌పూర్ రియాక్టర్ కోసం 2018లో రష్యా, బంగ్లాదేశ్‌లతో కలిసి సంతకం పెట్టాం, వాళ్ల మనుషులకి ఇక్కడ శిక్షణ ఇచ్చాం. నాకు చాలా సంతోషం. కానీ ఇచ్చేవాడి కుర్చీలో కూర్చున్నాక మనం చాడ్విక్‌లా ఉంటామా, నా డిటెక్టర్ కంపెనీలా ఉంటామా? యంత్రం ఇస్తే సర్క్యూట్ డయాగ్రామ్‌తో సహా ఇవ్వాలి. అక్కడి టెక్నీషియన్‌ని పిలిపించి, ముందు మన యంత్రం మీద పాడుచేయనిచ్చి, బాగుచేయనిచ్చి పంపాలి. ఢాకా నుంచో అక్రా నుంచో వచ్చిన పిల్ల మన ల్యాబ్ గేటు దగ్గర పాస్ కోసం మూడు గంటలు ఎండలో నిలబడకూడదు.

ఆ పద్నాలుగు నెలలూ మా డిటెక్టర్ చోటు ఖాళీగా ఉంచి, నైట్రోజన్ క్యాన్ మీద పాత దుప్పటి కప్పి పెట్టాం. భీమిలి నుంచి తెచ్చిన ఇసుక డబ్బాలు, తేదీలు రాసి, వరసగా బల్ల మీద ఉండేవి. రోజూ ఉదయం వెళ్లి వాటి మీద దుమ్ము దులిపి వచ్చేదాన్ని.