నష్టపరిహారం యజమానికేనా?

బ్రిటన్ ప్రభుత్వం 2015లో కొన్ని పాత రుణపత్రాల బాకీ తీర్చేసింది. వాటిలో కలిసిపోయి వచ్చిన ఒక పద్దు 1835 నాటిది. సామ్రాజ్యంలోని అత్యధిక ప్రాంతాల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో చట్టం తెచ్చినప్పుడు, అక్కడి పార్లమెంటు 2 కోట్ల పౌండ్ల పరిహారం మంజూరు చేసింది. దానికోసం చేసిన అప్పే ఆ పద్దు. ఆనాటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో ఆ పరిహారం సుమారు 40 శాతం. ఆ సొమ్ము తరతరాలుగా కూలి ముట్టకుండా చాకిరీ చేసినవారిది అయ్యుంటుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అదంతా ‘ఆస్తి’ పోగొట్టుకున్న యజమానులకే వెళ్లింది.

పరిహారం కోసం సిద్ధం చేసిన పట్టికలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మేస్త్రీలు, చేతిపనివారు, పొలం పనివారు, ఇంటి పనివారు అంటూ మనుషులను తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతికి ఒక్కో వెల కట్టారు. ఆరేళ్లలోపు పిల్లలకో గడి. వృద్ధులకు, రోగులకు, ‘పనికిరాని’వారికి మరో గడి. ఆ గడుల్లోని పసివాళ్ల పేరుమీదా యజమానికి డబ్బు అందింది. విముక్తి పొందిన సుమారు 8 లక్షల మందికి పైసా దక్కలేదు సరికదా, వారిలో పనిచేయగలిగినవారిలో అత్యధికులు ‘అప్రెంటిస్’ అనే కొత్త పేరుతో 1838 దాకా పాత దొరల దగ్గరే వారానికి 45 గంటల వరకు ఊరికే పనిచేయాల్సి వచ్చింది. ఆనాటి బాకీ 2015 దాకా తీరుస్తూ వచ్చిన పన్ను చెల్లింపుదారుల్లో ఆ బానిసల వారసులూ ఉన్నారు.

సమాజాలు ఎలా ఎదిగాయన్న చర్చ వచ్చినప్పుడల్లా పెద్దమనుషుల నోట ఒక సర్దుబాటు మాట వినిపిస్తుంది. బానిసత్వం చరిత్రలో ఒక దశ, ఆనాటి నీతి అది, అది దాటే ఇక్కడిదాకా వచ్చాం అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. వేటాడి, ఏరుకుని బతికే గుంపుల్లో ఒక మనిషి సంపాదన అతని పొట్టకే చాలీచాలనిది కాబట్టి, అతన్ని కట్టిపడేసి లాభపడేది పెద్దగా ఉండేది కాదు. సాగు స్థిరపడి, గాదెలు నిండి, ఒకరి కష్టం ఇద్దరిని పోషించగలిగాకే రెండో మనిషి కూర్చుని తినడం సాధ్యమైంది. గాదెకు కాపలాదారు, లెక్కకు గుమస్తా, ఆ ఇద్దరికీ అండగా శాసనం వచ్చాయి. మిగులు పెరిగింది. ఆ మిగులు ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం అప్పటినుంచీ బలవంతుడే జవాబు రాస్తున్నాడు.

అయితే, ‘ఆనాటి నీతి’ అన్న మాట దగ్గర మాకు అభ్యంతరం ఉంది. సుమారు 3,750 ఏళ్ల కిందటి బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనాన్నే తీసుకోండి. కట్టిన ఇల్లు కూలి యజమాని చనిపోతే మేస్త్రీకి మరణశిక్ష. అదే ఇంట్లోని బానిస చనిపోతే, బదులుగా మరో బానిసను ఇచ్చేస్తే చెల్లు. పారిపోయిన బానిసను ఇంట్లో దాచినవారికి మాత్రం మళ్లీ మరణశిక్షే. పారిపోయేవారూ, వారికి తలుపు తీసేవారూ లేకపోతే ఆ నిబంధన రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆనాటి నీతి అంటే ఆనాటి యజమానుల నీతి అనే చదువుకోవాలి.

1781లో బానిసలను తరలిస్తున్న బ్రిటిష్ ఓడ ‘జాంగ్’ ఉదంతమూ ఇదే చెబుతుంది. నీళ్లు చాలవన్న సాకుతో ఆ ఓడ సిబ్బంది 130 మందికి పైగా ఆఫ్రికన్లను సముద్రంలోకి తోసేశారు. ఓడ యజమానులు ‘సరుకు నష్టం’ కింద తలకు 30 పౌండ్ల చొప్పున బీమా సొమ్ము అడిగారు. 1783లో లండన్ కోర్టుకెక్కింది ఆ బీమా తగాదానే. గుర్రాలను సముద్రంలో పారేస్తే ఎలాగో చట్టం దృష్టిలో ఇదీ అలాగేనని ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ వ్యాఖ్యానించారు. హత్యానేరం కింద ఎవరినీ విచారించలేదు. కానీ ఆ వార్తను చేతపట్టుకుని బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడు గ్రాన్‌విల్ షార్ప్ దగ్గరికి పరుగెత్తినవాడు ఒలాడా ఈక్వియానో, ఒకప్పటి బానిస. హత్యానేరం మోపాలని షార్ప్ పోరాడాడు, ఓడిపోయాడు. అది హత్య అని తెలిసినవారు ఆనాడూ ఉన్నారు. అధికారం వారి చేతిలో లేదు, అంతే.

అట్లాంటిక్ మీదుగా ఓడలెక్కించిన ఆఫ్రికన్లు సుమారు 1.25 కోట్లని చరిత్రకారుల అంచనా. ఆవలి ఒడ్డున ప్రాణాలతో దిగినవారు దాదాపు 1.07 కోట్లు. వారి చెమటతో పండిన చక్కెర, పత్తి, పొగాకు యూరప్ రేవు పట్టణాలను, బ్యాంకులను, బీమా కంపెనీలను బలిపించాయి. పారిశ్రామిక విప్లవానికి ఈ వాణిజ్యం ఎంత పెట్టుబడి పెట్టిందన్నది ఆర్థిక చరిత్రకారుల మధ్య ఇంకా తెగని వాదమే. అది తెగేదాకా ఆగాల్సిన పనిలేదు. దోచిన సొమ్ముతో దొంగ మిల్లు కట్టాడా, తగలేశాడా అన్నదాన్ని బట్టి బాధితుడికి రావాల్సింది మారదు కదా!

విముక్తి వేళ లెక్క తిరగబడటం బ్రిటన్‌తో ఆగలేదు. ఫ్రెంచి వలసలోని బానిసలు తిరగబడి, 1804లో స్వతంత్రం ప్రకటించుకున్న హైతీ తీరానికి 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలను పంపి, 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించింది. ఆ సొమ్ముకోసం చేసిన అప్పుల పీడ 1947 దాకా వదల్లేదు. గెలిచిన బానిస ఓడిన దొరకు పరిహారం కట్టడమంటే ఇదే. ఇలా పిండేసిన దేశం ఎందుకు వెనుకబడిందని ఇప్పుడు సదస్సులు పెడుతున్నారు. అమెరికా రాజధానిలో 1862లో విముక్తి చట్టం వచ్చినప్పుడూ ఒక్కో బానిసకు 300 డాలర్ల దాకా యజమానికే ఇచ్చారు. విముక్తులకు 100 డాలర్ల వరకు ఇస్తామన్నారు, దేశం విడిచిపోతేనే! అమెరికా అంతర్యుద్ధం చివర్లో దక్షిణ తీరాన విముక్త కుటుంబాలకు 40 ఎకరాల వరకు పంచుతూ జారీచేసిన ఉత్తర్వును అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ 1865లోనే రద్దుచేసి, భూమిని పాత యజమానులకు అప్పగించారు.

ఇదంతా గతం కాదు. 2021 నాటికి ప్రపంచంలో 2.76 కోట్ల మంది నిర్బంధ శ్రమలో ఉన్నట్టు అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. సంకెళ్ల అవసరం తగ్గింది, కాగితాలు చాలు. ఏజెంటుకు కట్టిన ఫీజు, దానికోసం చేసిన అప్పు, ఆ అప్పుకు వడ్డీ, గది అద్దె, తిండి ఖర్చు అన్నీ జీతంలో కోసేస్తారు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. మిగిలిన నాలుగు డబ్బులు ‘చివర్లో కలిపి ఇస్తాం’ అంటారు. నిర్బంధ శ్రమ వల్ల ఏటా 23,600 కోట్ల డాలర్ల అక్రమ లాభం వస్తోందని అదే సంస్థ 2024లో లెక్కగట్టింది. ఆ లాభం కార్మికుల జేబులోకి చేరాల్సిన సొమ్మే.

బాధితులకు పరిహారం సహా పరిష్కార మార్గాలు అందుబాటులో ఉండాలని అదే సంస్థ 2014లో ఆమోదించిన నిర్బంధ శ్రమ ప్రోటోకాల్ (ఒప్పందం) చెబుతోంది. నిర్బంధ శ్రమతో తయారైన సరుకును మార్కెట్లోకి రానివ్వరాదని ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన నిబంధన 2027 డిసెంబరు నుంచి అమలు కానుంది. మంచిదే. కానీ సరుకును రేవులో ఆపేస్తే నష్టపోయేది వ్యాపారి, రోడ్డున పడేది కార్మికుడు. 1833 నాటి తప్పు మరో రూపంలో పునరావృతం కాకూడదంటే, ఆ సరుకు ఆర్డరిచ్చిన కంపెనీ నుంచి బకాయి జీతాలను, ఏజెంటు ఫీజులను మొదట వసూలు చేసి కార్మికుల చేతికి ఇప్పించాలి. ప్రభుత్వానికి కట్టే జరిమానాల వంతు ఆ తర్వాతే రావాలి.